కుర్చీ వెనక కాపురం

మొన్నామధ్య ఓ రాత్రి ఇంట్లో కూర్చుని సినిమా చూస్తున్నాం. హీరో తండ్రి కోటీశ్వరుడు. సినిమా పేరు అనవసరం, మన సినిమాల్లో సగం మంది హీరోల తండ్రులు కోటీశ్వరులే కదా! ఆయన గదిలో ఓ నల్లతోలు కుర్చీ వుంది. వీపు వెనక వంపు తిరిగిన చెక్క, కాళ్ళు చాపుకోవడానికి ముందు ఓ పీట. ఆయన అందులో వెనక్కి వాలి "ఆ పిల్లని మర్చిపో" అన్నాడు. హీరో మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు… ఆ కుర్చీని!

మీరూ చూసే వుంటారు. ఇంగ్లీషు సినిమాల్లో అయితే మరీనూ. ఈ ఇంటాయనకి డబ్బూ వుంది, అభిరుచీ వుంది అని డైలాగు లేకుండా చెప్పాలంటే ఆ కుర్చీ వేస్తారు. అసలు దొరక్కపోతే నకలు. దాన్ని ఈమ్స్ లౌంజ్ చెయిర్ అంటారు. 1956లో మార్కెట్లోకొచ్చింది.

"ఈమ్స్ అంటే ఎవరండీ?" అంది మా ఆవిడ.

"చార్లెస్ ఈమ్స్ అని పెద్ద అమెరికన్ డిజైనరు" అని చెప్పి, అన్నీ తెలిసినవాడిలా కాలుమీద కాలేసుకున్నాను. తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, నేను చెప్పింది సగమేనని. మిగతా సగం పేరు రే. ఆయన భార్య.

ఇప్పుడు ఈ గొడవంతా ఎందుకంటారా? చెబుతాను. నాకో స్నేహితుడున్నాడు. హైదరాబాదులో భార్యాభర్తలిద్దరూ ఇంటీరియర్ డిజైనర్లే. ఆయన సైట్లో వడ్రంగులతో, ఎలక్ట్రీషియన్లతో కుస్తీ పడతాడు. రంగులు, కర్టెన్లు, దీపాలు, వంటింటి కొలతలు ఆవిడవి. విజిటింగు కార్డు మీద మాత్రం ఆయన పేరొక్కటే. ఏడేళ్ళపాటు ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఈమధ్య ఓ గృహప్రవేశంలో ఇంటాయన వచ్చినవాళ్ళకి పరిచయం చేస్తూ, "మా డిజైనరు గారు. ఈవిడ వారి మిసెస్" అన్నాట్ట. ఆ ఇంటి వంటగది మొదటి గీత నుంచి చివరి మేకు దాకా ఆ మిసెస్ గారు వేసిందే! ఇంటికొచ్చాక మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు ఇద్దరూ విడివిడిగా నాకు ఫోన్ చేశారు. "మీరు పేపర్లకి రాసేవాళ్ళు కదా అన్నయ్యా, మీరే చెప్పండి" అని ఆవిడ. "నువ్వైనా చెప్పరా బాబూ" అని వీడు.

నేనేం చెప్పను? తీర్పులివ్వడం నాకు చాతకాదు. అప్పుడే చదివిన కథ చెప్పాను. అదే మీకూ చెబుతున్నా.

చార్లెస్‌ది సెయింట్ లూయిస్, పుట్టింది 1907లో. రే ఆయనకంటే ఐదేళ్ళు చిన్న. చిత్రకారిణి. న్యూయార్కులో హన్స్ హాఫ్‌మన్ దగ్గర పెయింటింగు నేర్చుకుంది. 1940లో మిచిగన్‌లోని క్రాన్‌బ్రూక్ అకాడమీలో ఇద్దరూ కలిశారు. అప్పటికే ఆయనకి పెళ్ళయింది, ఓ కూతురు. ఆ పెళ్ళి విడాకులతో ముగిసి, 1941 జూన్‌లో వీళ్ళ పెళ్ళి అయింది. కారులో సామాను వేసుకుని లాస్ ఏంజిలిస్ వెళ్ళారు. అంటే మన భాషలో చెప్పాలంటే, సినిమా వూరికి!

నిజంగానే సినిమాలో చేరాడాయన. ఎం.జి.ఎం. స్టూడియో కళాశాఖలో ఉద్యోగం. పగలు సెట్ల పని. రాత్రి ఇంటికొస్తూ ప్లైవుడ్డూ జిగురూ తెచ్చేవాడు. అద్దె ఫ్లాటులో ఖాళీగా వున్న పడకగదిలో భార్యాభర్తలిద్దరూ ఓ యంత్రం కట్టారు. ప్లాస్టరు అచ్చు, కరెంటు తీగల వేడి, ఒత్తిడికి సైకిలు పంపు! దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'కజామ్'. మన మాంత్రికుడు "ఛూ మంతర్" అంటాడు చూడండి, అలాంటి మాట. పలచటి చెక్కని రెండు వైపులా వంచి కుర్చీ చెయ్యాలని వాళ్ళ తపన. కొత్త కాపురంలో జిగురు వాసన ఎలా భరించారో తెలీదు గానీ, ఆ ప్రయోగం ఫలించింది. యుద్ధకాలంలో అమెరికా నావికాదళానికి గాయపడ్డ సైనికుల కాళ్ళకి కట్టే బద్దలు అదే పద్ధతిలో చేసిచ్చారు. లక్షా యాభై వేల దాకా తయారయ్యాయి. కుర్చీలు ఆ తర్వాత.

ఇక్కడ సినీ అభిమానులకి ఓ ముచ్చట. ఆ రోజుల్లో ఎం.జి.ఎం. సినిమా ఏది వచ్చినా కళాదర్శకత్వం కింద సెడ్రిక్ గిబ్బన్స్ పేరు వుండాల్సిందే. ఒప్పందం అలాంటిది. సెట్టు గీసింది ఏ మూలగదిలో కూర్చున్న ఏ కుర్రాడైనా సరే! చార్లెస్ అలాంటి కుర్రాళ్ళలో ఒకడు. అంతదూరం ఎందుకు, మన 'మాయాబజార్' (1957) చూసినవాళ్ళు కోట్లలో వుంటారు. కళాదర్శకులు గోఖలే, కళాధర్ అని ఠక్కున చెప్పగలిగే వాళ్ళెందరు? గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి.

అలాంటి చోట పనిచేసి వచ్చినాయన తన ఆఫీసులో ఏం చేశాడు? తనే గిబ్బన్స్ అయ్యాడు! 1946లో న్యూయార్కు మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో వాళ్ళ కుర్చీల ప్రదర్శన పెడితే, పేరు చార్లెస్ ఈమ్స్ ఒక్కడిదే వేశారు. రే లేదు. కలిసి పనిచేసినవాళ్ళు లేరు. హ్యారీ బెర్టోయా లాంటివాళ్ళు ఆ అసంతృప్తితోనే బయటికెళ్ళిపోయారు. రే ఎక్కడికి వెళుతుంది? ఇల్లూ అదే, ఆఫీసూ అదే.

మనిషిగా ఆయన చెడ్డవాడని కాదు సుమండీ. తను చెయ్యగలిగిన ఏ పనినైనా రే ఇంకా బాగా చేస్తుందని ఆయనే అనేవాడు. అనడం ఒకటి, బోర్డు మీద రాయించడం ఒకటి. అదీ తంటా! 1956లో ఆ లౌంజ్ కుర్చీని టీవీలో మొదటిసారి చూపించినప్పుడు కార్యక్రమం నడిపినావిడ ముందు చార్లెస్‌తో మాట్లాడి, ఆ తర్వాత విజయవంతుడైన మగవాడి వెనకుండే స్త్రీ అంటూ రేని పిలిచింది. రే నవ్వుతూ వచ్చి నిలబడింది. "వెనక కాదమ్మా, పక్కన" అని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. మా స్నేహితుడి భార్యకి ఈ ముక్క చెబితే ఫోన్లో చాలాసేపు శబ్దం లేదు.

పెయింటింగు మానేశారే అని అడిగితే, మానలేదు, రంగుల పళ్ళెం మార్చానంతే అనేదిట రే. ఆవిడ రంగుల పళ్ళెం వాళ్ళ ఇల్లు. లాస్ ఏంజిలిస్ పసిఫిక్ పాలిసేడ్స్‌లో, సముద్రం కనబడేలా, నీలగిరి చెట్ల నీడలో వుంటుంది. ముందు వేసుకున్న ప్లాను ప్రకారం ఇల్లు పచ్చిక బయలు మీదకి వంతెనలా రావాలి. యుద్ధం తర్వాత ఉక్కు దొరికేసరికి ఆలస్యమైంది. ఈలోపల ఇద్దరూ ఆ పచ్చికలో భోజనాల క్యారియరు విప్పి కూర్చుని కూర్చుని, ఇంత చక్కటి చోటుని ఇంటికింద కప్పెయ్యడం ఎందుకనుకున్నారు. అదే ఉక్కుతో, అదనంగా ఒక్క దూలం తెప్పించి, ఇల్లు కొండవాలుకి జరిపేశారు! 1949 క్రిస్మస్ ముందురోజు పాలు పొంగించారు. (పాలు పొంగించడం నా కల్పన. చేరడం మాత్రం నిజం.)

బయట ఫ్యాక్టరీ సరుకు, అంటే ఉక్కు, గాజు. లోపల మాత్రం గులకరాళ్ళు, గవ్వలు, బొమ్మలు, దిండ్లు, కొవ్వొత్తులు. ఎడారిలో గాలికి దొర్లే ఓ ఎండు తుప్ప కూడా కప్పుకి వేలాడుతుంది. మనమైతే పొయ్యిలో పెట్టేవాళ్ళం. ఏది ఎక్కడుండాలో రేకి అంగుళం లెక్క. 1955లో ఆ ఇంటిమీద ఇద్దరూ చిన్న సినిమా తీశారు. అన్నీ నిశ్చల ఛాయాచిత్రాలే, ఒకదాని తర్వాత ఒకటి. సంగీతం ఎవరనుకున్నారు? ఎల్మర్ బెర్న్‌స్టీన్! మరుసటి ఏడు 'టెన్ కమాండ్‌మెంట్స్'కి చేసినాయనే.

ఆవిడ పిచ్చి ఎంత దూరం వెళ్ళేదంటే, ఓసారి ఓ పేరున్న ఆర్కిటెక్టుని భోజనానికి పిలిచారు. చివర్లో స్వీటు వస్తుందని ఆయన ఆశగా చూస్తుంటే గిన్నెల్లో పూలు తెచ్చిపెట్టింది. కళ్ళతో తినాలిట! ఆయన మర్యాదగా చూసి, బయటికొచ్చి కారెక్కి, తిన్నగా ఐస్‌క్రీం దుకాణానికి పోయాడు. ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. నేను ఆయన పక్షమే.

హాలీవుడ్ వాసన వాళ్ళని వదల్లేదు. దర్శకుడు బిల్లీ వైల్డర్ వాళ్ళకి ఆప్తమిత్రుడు. 'ది స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్' (1957)లో విమానం తయారయ్యే ఘట్టంలో చార్లెస్ చెయ్యి వుంది. ఆఫీసులో కాసేపు కునుకు తియ్యడానికి ఏదైనా చేసిపెట్టమని వైల్డర్ అడిగాడు. 1968లో చేసిచ్చారు. వెడల్పు 17.5 అంగుళాలు! చేతులు గుండెమీద కట్టుకుని పడుకోవాలి. నిద్ర ముదిరితే చేతులు పక్కకి జారిపోతాయి, మెలకువ వచ్చేస్తుంది. అలారం గడియారం అక్కర్లేని మంచమన్నమాట. అంత సన్నగా ఎందుకంటే, నిర్మాతల గదుల్లోని సోఫాల గురించి హాలీవుడ్‌లో వుండే పుకార్లు తనమీదకి రాకూడదనిట! ఇంతకంటే వివరించను, మీరు తెలివైనవాళ్ళు.

అన్నట్టు, మన దేశంతోనూ వాళ్ళకి చుట్టరికం వుంది. 1958లో భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చి, వూళ్ళు తిరిగి, ఓ నివేదిక రాశారు. దాని ఫలితంగానే 1961లో అహ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వెలిసింది. ఆ నివేదికలో వాళ్ళు తాజ్‌మహల్‌కి పెద్దపీట వేశారనుకుంటున్నారా? కాదు, చెంబుకి! ఈ దేశంలో చూసిన వస్తువుల్లో బహుశా ఇదే గొప్పదీ, అందమైందీ అని తేల్చారు. మెచ్చుకుని వూరుకోలేదు, చెంబుకి పరీక్ష పెట్టారు. నిండుగా వున్నప్పుడు బరువు ఎక్కడ నిలుస్తుంది, ఖాళీ అయితే ఎక్కడ? ఆడవాళ్ళ చేతికీ, మగవాళ్ళ చేతికీ ఎలా ఇముడుతుంది? వంచితే ధార ఎలా పడుతుంది? లోపల తోమడానికి మూతి చాలుతుందా? కింద పెడితే ఎలా మోగుతుంది? పాతదయ్యాక అమ్మితే ఎంతొస్తుంది? దాన్ని ఇంకొకరి చేతిలో పెడుతుంటే మనసుకెలా వుంటుంది? ఇన్ని అడిగి, దీన్ని ఎవరో ఒక్కరు కూర్చుని తయారుచెయ్యలేదు, తరతరాలుగా ఎందరో కలిసి చేశారని రాశారు.

ఇది చదివాక నాకు వూరుకోబుద్ధి కాలేదు. మా అమ్మమ్మ రాగి చెంబు అటకమీద వుంది. దింపి, చింతపండుతో తోమి, నీళ్ళు నింపి చేత్తో పట్టుకుని హాల్లో పచార్లు చేశాను. మెడ దగ్గర సన్నబడేచోట వేళ్ళు వాటంతట అవే కుదురుకున్నాయి! నలభై ఏళ్ళు మా అమ్మమ్మ వేళ్ళున్న చోటు అది. పొద్దున్నే చెంబు పట్టుకుని తిరుగుతున్న మొగుణ్ణి చూసి మా ఆవిడ ఏమనుకుందో నేను రాయక్కర్లేదు.

కాపురం సంగతి ఆపేసి చెంబులో పడ్డాను. క్షమించాలి. వాళ్ళ కాపురం ఇంటి ఫొటోల్లో వున్నంత నున్నగా లేదు. 2011లో వాళ్ళమీద ఓ డాక్యుమెంటరీ వచ్చింది, 'ఈమ్స్: ది ఆర్కిటెక్ట్ అండ్ ది పెయింటర్'. అందులో చార్లెస్‌కి దగ్గరైన మరో స్త్రీ తెరమీదకొచ్చి ఆ సంగతి స్వయంగా చెప్పింది. రే మాత్రం పక్కనే పనిచేస్తూ వుండిపోయింది. అది ప్రేమా, పనిమీద వ్యామోహమా, వెళ్ళడానికి వేరే చోటు లేకపోవడమా? మూడూ కొంచెం కొంచెం అని నా అనుమానం. ఆ చివరి రోజుల్లోనే, 1977లో, వాళ్ళ గొప్ప సినిమా 'పవర్స్ ఆఫ్ టెన్' వచ్చింది. ఓ జంట పార్కులో దుప్పటి పరుచుకుని పడుకుని వుంటారు. కెమెరా పది సెకన్లకోసారి పదిరెట్లు దూరం జరుగుతూ నక్షత్రమండలాల అవతలికి పోతుంది. మొదలు మాత్రం ఆ దుప్పటి దగ్గరే!

చార్లెస్ 1978 ఆగస్టు 21న పోయాడు. ఆ తర్వాత రే పదేళ్ళపాటు కాగితాలూ, ఫొటోలూ, డ్రాయింగులూ సర్ది, జాబితాలు రాసి, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి చేరేలా చూసింది. ఆవిడ పోయిన తేదీ 1988 ఆగస్టు 21. సరిగ్గా పదేళ్ళకి, అదే రోజున. సినిమాలో ఇలా రాస్తే "మరీ సినిమాటిక్‌గా వుందండీ" అని నిర్మాత కొట్టేస్తాడు. ఆ ఇల్లు ఇప్పటికీ వుంది. 2025 జనవరిలో పాలిసేడ్స్ అంతా మంటలు చెలరేగి వేల ఇళ్ళు బూడిదైనా అది నిలిచింది. ఇప్పుడు పుస్తకాల్లో ఎక్కడ చూసినా 'చార్లెస్ అండ్ రే ఈమ్స్' అనే రాస్తున్నారు. ఆవిడ కళ్ళతో చూసుకున్నది తక్కువ.

ఇదంతా చెప్పాక మా స్నేహితుడు ఏమీ అనకుండా ఫోన్ పెట్టేశాడు. కోపం వచ్చిందనుకున్నా. వారం తర్వాత వాడే చేశాడు. కార్డులు మళ్ళీ వేయిస్తున్నాట్ట, రెండు పేర్లతో. కాకపోతే కొత్త పేచీ. ఎవరి పేరు ముందు? గొడవ లేకుండా అక్షరక్రమం పాటిద్దామనుకున్నారు. తెలుగు అక్షరక్రమంలో ఆవిడ పేరు ముందొస్తోంది, ఇంగ్లీషులో వీడిది! కార్డు ఏ భాషలో వేయించాలన్నది ఇంకా తేలలేదు.

నా సంగతంటారా? ఈ వ్యాసంలో నాలుగు వాక్యాలు మా ఆవిడ కొట్టేసింది, రెండు కలిపింది. కలిపినవేవో కనిపెట్టి రాసినవాళ్ళ ఉత్తరాలు ఆవిడకే ఇస్తాను.