గుడి మాన్యం కౌలుదారు నిరుపేద కాదని తేల్చిందెవరు?

దేవాలయ భూముల నుంచి కౌలుదారులను ఖాళీ చేయించే ఉత్తర్వు వచ్చినప్పుడల్లా ఊళ్లో ఒక మాట వినిపిస్తుంది: "సుప్రీంకోర్టే చెప్పేసింది, ఇక చేసేదేముంది?" ఆ మాటలో సగమే నిజం.

1987 దేవాదాయ చట్టంలోని 82వ సెక్షన్, అప్పటికి అమల్లో ఉన్న మాన్యాల కౌళ్లను రద్దు చేసింది. ఈ సెక్షన్ చెల్లుతుందని 2001లో నల్లమిల్లి రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే అదే సెక్షన్ భూమిలేని నిరుపేదలను వేరుగా చూసింది. సొంతమూ కౌలూ కలిపి రెండున్నర ఎకరాల మాగాణి లేదా ఐదెకరాల మెట్ట మించకుండా, వరుసగా ఆరేళ్లకు తగ్గకుండా సాగులో ఉన్నవారు మార్కెట్ ధరలో 75 శాతం నాలుగు వాయిదాల్లో చెల్లించి ఆ భూమిని కొనుక్కోవచ్చు. కొనే స్తోమత లేనివారు మార్కెట్ కౌలులో కనీసం మూడింట రెండు వంతులు కడుతూ కౌలుదారులుగానే కొనసాగవచ్చు. సుప్రీంకోర్టు నిలబెట్టిన సెక్షన్‌లో ఈ రక్షణ కూడా ఉంది.

కాబట్టి ఖాళీ చేయించే ముందు కౌలుదారు నిరుపేదా కాదా అన్నది తేలాలి. ఉత్తర్వులో ఆ విచారణ ఊసే లేకపోతే, దాన్ని సవాలు చేయడానికి అదే మొదటి కారణం.

దళిత కుటుంబాలకు ఇక్కడే రెండు చిక్కులు. మొదటిది కాగితం. పాటలో పేరు పెద్ద రైతుది, చేలో చాకిరీ దళితుడిది. నోటిమాట కౌలుకు రసీదు ఉండదు, అడంగల్‌లో పేరెక్కదు. ఆరేళ్లు కాదు, రెండు తరాలు దున్నినా కోర్టు ముందు రుజువు లేనట్టే.

రెండోది ఆదాయం. ఆ భూమి మీద వచ్చేది కాక, ఇతర ఆదాయం నెలకు వెయ్యి, ఏడాదికి 12 వేల రూపాయలు మించితే చట్టం దృష్టిలో నిరుపేద కాడు. 2024-25లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. అంటే 40 రోజుల పనితోనే ఆ పరిమితి నిండిపోతుంది. ప్రభుత్వం ఇచ్చిన కూలి పనే ప్రభుత్వ చట్టం ముందు పేదరికాన్ని చెరిపేస్తోంది. అప్పీలులో బలంగా వినిపించాల్సిన వాదన ఇది.

అప్పీలు వేసినంత మాత్రాన ఖాళీ చేయించడం ఆగదు. స్టే విడిగా అడగాలి. ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీకి వెంటనే దరఖాస్తు పెట్టాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇవ్వాలి. కౌలు రసీదులు, విత్తనాలు ఎరువుల బిల్లులు, పక్క పొలం రైతుల సాక్ష్యాలు ఇప్పటి నుంచే కూడగట్టాలి. విద్యార్థులు, కార్యకర్తలు ఊరూరా చేయగల పని ఇది.

కేసులు ఒక్కొక్కటిగా గెలిచినా, ఆ 12 వేల గీత చెరగనంత కాలం ఇంకో కుటుంబం అదే గీత దగ్గర ఓడిపోతుంది. పోరాటం కోర్టులో ఎంత అవసరమో, ఆ పరిమితిని మార్చమని రెండు శాసనసభల మీద ఒత్తిడి తేవడమూ అంతే అవసరం.