గాలిలో దాగిన నీళ్లు

పిల్లలూ! ఒక ఇత్తడి చెంబులో చన్నీళ్లు పోసి, నాలుగు ఐసు ముక్కలు వేయండి. చెంబు వెలుపలి భాగాన్ని పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, బల్ల మీద పెట్టి చూస్తూ ఉండండి. కాసేపటికి చెంబుకు సన్నగా చెమట పోస్తుంది. తరువాత ఆ చెమటే బొట్లు బొట్లుగా జారి బల్లను తడుపుతుంది. చెంబుకు చిల్లి లేదు; లోపలి నీళ్లు బయటికి రాలేదు. మరి ఈ నీళ్లు ఎక్కడివి?

గాలిలోవి! మన కంటికి కనపడకపోయినా గాలిలో ఎప్పుడూ కొంత నీటి ఆవిరి ఉంటుంది. వెచ్చని గాలిలో ఎక్కువ ఆవిరి ఇముడుతుంది. చల్లని గాలిలో తక్కువే ఇముడుతుంది. 30 డిగ్రీల వేడి ఉన్నప్పుడు ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 30 గ్రాముల ఆవిరి పడుతుంది. అదే గాలి 10 డిగ్రీలకు చల్లబడితే 9 గ్రాములకు మించి పెద్దగా పట్టదు. మిగిలినది నీరై పోవలసిందే. చెంబు చుట్టూ జరిగినది ఇదే.

ఒక చిన్న లెక్క చేద్దామా? మీ గది నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్నదనుకోండి. వానాకాలం. ఎండ లేకపోయినా 30 డిగ్రీల ఉక్క. గాలిలో పట్టగల ఆవిరిలో నూటికి 80 పాళ్లు ఉన్నది. అంటే ఒక్కొక్క ఘనపు మీటరులో 24 గ్రాములు. గది మొత్తం 36 ఘనపు మీటర్లు గనక 864 గ్రాములు. లీటరుకు కాస్త తక్కువగా నీళ్లు మీ తల చుట్టూ తేలుతున్నాయన్నమాట!

తేలితే తేలనీ, మనకేమి నష్టం అంటారా? అయితే బాపట్ల జిల్లాలో చీరాల పక్కనే ఉన్న వేటపాలెం వెళదాం రండి. అక్కడ సారస్వత నికేతనం అనే గ్రంథాలయం ఉన్నది. వి. వి. శ్రేష్ఠిగారు దానిని 1918లో స్థాపించారు. మన తాతముత్తాతలు చదివిన పాత తెలుగు పత్రికలు అక్కడ దాచి ఉంచారు. గాంధీగారి చేతికర్ర కూడా అక్కడ ఉన్నది. పాత కాగితానికి చెదపురుగు ఎంత శత్రువో చెమ్మ కూడా అంత శత్రువే. ఊరికి సముద్రం దగ్గర. గాలిలో చెమ్మకు కొదవ లేదు. గాలిలో తేమ నూటికి 65 పాళ్లు దాటి చాలా రోజులు నిలిచిందంటే కాగితం మీద బూజు పెరగడానికి వీలు చిక్కుతుంది. ఒక పత్రిక బూజు పట్టి పోతే, దాని ప్రతి మరెక్కడా లేకపోతే, అందులోని మాటలు లోకంలోంచి పోయినట్టే.

ఇటువంటి గదులలో చెమ్మ తగ్గించడానికి ఒక యంత్రం ఉన్నది. దాని పేరు డీహ్యూమిడిఫయరు. పేరుకు భయపడకండి, అది మీ చెంబుకు పెద్దన్నయ్య! లోపల చల్లని గొట్టాలు ఉంటాయి. ఒక పంకా గదిలోని గాలిని లాగి వాటి మీదుగా పంపుతుంది. ఆవిరి నీరై కింది డబ్బాలో పడుతుంది. పొడి అయిన గాలి ఆ తరువాత వేడి గొట్టాల మీదుగా పోయి గదిలోకి వస్తుంది. అందుచేత ఈ యంత్రం గదిని చల్లబరచదు. కాస్త వెచ్చబరుస్తుంది కూడా. ఏ.సి. పెట్టిన ఇంటి వెనక గొట్టంలోంచి కారే నీళ్లు కూడా ఇలా గాలిలోంచి వచ్చినవే.

అసలు ఏ.సి. యంత్రానికీ కాగితానికీ పాత చుట్టరికం ఉన్నది. అమెరికాలో బ్రూక్లిన్‌లోని ఒక అచ్చుకూటంలో చెమ్మకు కాగితం సాగి, ఒక రంగు మీద మరొక రంగు సరిగా పడక బొమ్మలు చెడిపోయేవి. 1902లో విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు అక్కడి గాలిలో తేమను అదుపులో పెట్టడానికి ఒక ఏర్పాటు తయారుచేశాడు. నేటి ఏ.సి. యంత్రాల కథ అక్కడే మొదలయింది.

ఆ దేశంలో ఎన్నో ఇళ్లకు నేల కింద ఒక గది ఉంటుంది. దానిని బేస్‌మెంటు అంటారు. అక్కడ కాపురమున్న మన తెలుగువారికి కూడా అది అలవాటే. వేసవిలో ఆ గది ముక్కవాసన కొడితే కొత్తవారు గాలి ఆడాలని కిటికీలు తెరుస్తారు. వాసన పోకపోగా గోడలు మరింత తడుస్తాయి! ఎందుకో మీరే చెప్పగలరు. నేల కింది గోడ చల్లని చెంబు వంటిది. బయటి నుంచి వచ్చిన వెచ్చని గాలి దానికి తగిలి చెమటగా మారుతుంది. కనక కిటికీలు మూసి యంత్రం నడపాలి. తెరిచి నడిపితే ఊరి గాలినంతా ఆరబెట్టబోయినట్టే.

ఇక వేటపాలెంలోనే నేతగాని ఇంటికి పోదాం. అక్కడా నేల కింద ఒక చోటు ఉన్నది, గుంట మగ్గం గుంట! నేతగాడు గట్టున కూర్చుని, కాళ్లు గుంటలో పెట్టి మగ్గం తొక్కుతాడు. పెద్ద వానలు పడితే ఆ గుంటలోకి నీళ్లు ఊరుతాయి. నేత ఆగుతుంది, ఆగినన్నాళ్లూ కూలి రాదు. మరి మన యంత్రం అక్కడ పెడదామా?

పెట్టినా లాభం లేదు. అది గాలిలోని నీళ్లు తీస్తుందే గాని భూమిలోంచి ఊరే నీళ్లను ఆపలేదు. అక్కడ కావలసినవి నీళ్లు పోయే కాలువ, ఎత్తయిన అరుగు, నీళ్లు ఊరని గట్టి గుంట. బేస్‌మెంటు గోడలోంచి వాననీరు కారుతున్నా సంగతి ఇంతే. ముందు కారే చోటు మూసి, ఆ తరువాతే యంత్రం.

ఇంకొక చిత్రం వినండి. నేతగాడికి చెమ్మ బొత్తిగా లేకపోయినా చిక్కే! నూలుపోగు తేమ తగిలితే బలపడుతుంది. ఎండు గాలిలో పుటుక్కున తెగుతుంది. గుంటలోని కొద్దిపాటి చెమ్మ పడుగుకు మేలే చేస్తుంది. పుస్తకానికి శత్రువైనది పోగుకు చుట్టమయింది. పుస్తకానికైనా మరీ ఎండు గాలి మంచిది కాదు; కాగితం పెళుసెక్కుతుంది.

కాబట్టి మీ ఇంట్లో పుస్తకాల బీరువా చెమ్మ వాసన కొడితే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ నీరు గోడలోంచి వస్తున్నదా, గాలిలోంచి వస్తున్నదా? ఎంత తేమ ఉంటే చాలు? బీరువాను గోడకు జానెడు దూరం జరపండి. పొడి ఎండ కాసిన రోజున పుస్తకాలు తీసి, నీడన గాలికి ఆరబెట్టండి. ఆ పని చేస్తూ చేస్తూ ఒక పుస్తకం తెరిచి చదువుతూ కూర్చున్నారనుకోండి, అమ్మ కోప్పడితే మాత్రం నా పేరు చెప్పకండి!