కొండెక్కే కాలికి లెక్కేది?

ధర్మవరంలో మగ్గం ఆపి, హిందూపురంలో షిఫ్టు దిగి, పెనుకొండలో చేను పని సర్దుకుని మన జనం కొండకు బయలుదేరతారు. ఒంటి మీద పసుపు గుడ్డలు, నెత్తిన మూట, చంకలో బిడ్డ. రిజర్వేషన్ ఉండదు, సిఫారసు ఉత్తరం అసలే ఉండదు. ధర్మవరంలో రైలెక్కితే కదిరి మీదుగా పాకాల, అక్కడి నుంచి తిరుపతి. దిగాక ఎదురుగా కొండ బస్సు ఉన్నా ఎక్కరు. ‘నడిచొస్తా స్వామీ’ అని మొక్కుకున్నారు కనక నడుస్తారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టే ఆడబిడ్డలు, మోకాళ్ల మిట్ట దగ్గర నిజంగానే మోకాళ్ల మీద ఎక్కే ముసలివాళ్లు. ఈ మనుషులకు పాలకులు ఇస్తున్న విలువెంత? ఇదే మా ప్రశ్న.

ఉద్యమ పత్రికకు గుడి మెట్లతో పనేంటని కొందరు మిత్రులు అడగొచ్చు. ఎర్రటెండలో నడిచేవాడి గుక్కెడు నీళ్ల గురించి మాట్లాడలేని ఉద్యమం ఎవరి కోసమని మేం తిరిగి అడుగుతున్నాం.

చరిత్ర ఒకసారి తిరగేద్దాం. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు పడింది 1944లో. అంతకుముందు మోటారు లేదు, మొహమాటం లేదు. రాజుకైనా కూలివాడికైనా అదే మెట్ల దారి. డోలీలో కూర్చున్నవాణ్ని మోసింది కూడా మనిషి కాళ్లే. తాళ్లపాక నుంచి వచ్చిన బాలుడు అన్నమయ్య మోకాళ్ల మిట్ట దగ్గరే సొమ్మసిల్లితే అలమేలుమంగమ్మ వచ్చి అన్నం పెట్టిందని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేముడు శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. అలిపిరి మెట్ల చరిత్రలో మన సీమకు చెందిన మట్లి రాజుల పేరుంది. నడిచేవాడికి మెట్టు వేయడం పాలకుడి మొదటి పని అనుకున్న కాలం అది.

మరి ఇప్పుడో? 2023 జూన్‌లో అలిపిరి దారిలో ఒక బాలుణ్ని చిరుత ఎత్తుకుపోయింది. అదృష్టం బాగుండి ప్రాణాలతో దొరికాడు. అది హెచ్చరిక. ఏడు వారాలు గడిచాయి. ఆగస్టు 11 రాత్రి అదే దారిలో అమ్మానాన్నలతో నడుస్తున్న ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే కదలిక వచ్చింది. బోన్లు పెట్టి చిరుతలను పట్టారు, పిల్లలతో నడిచేవాళ్లకు వేళలు కుదించారు, భక్తుల చేతికి కర్రలిచ్చారు. చేసిన పనిని తప్పుపట్టం. కానీ దారి మీద కన్నేయడానికి ఒక పసిప్రాణం పోవాల్సి వచ్చిందే, దాన్ని మాత్రం మరిచిపోం.

2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. పెద్ద హోదా ఉన్నవాడికి ఆ క్యూతో పనిలేదు. నలిగిపోయింది మామూలు జనమే.

న్యాయంగా చెప్పాలి. తిరుమల మెట్ల దారిలో చాలా మేర పైకప్పు ఉంది, మూటలు పైకి చేర్చే ఏర్పాటు ఉంది. 2021 నవంబరు వానలకు దెబ్బతిన్న శ్రీవారి మెట్టు దారిని బాగుచేసి 2022 మేలో మళ్లీ తెరిచారు. అక్కడ హుండీ ఉంది, దేశం కన్ను ఉంది. అడిగితే ఆలస్యంగానైనా పని జరుగుతుంది.

హుండీ నిండని కొండల సంగతేంటి? మన పెనుకొండ సంగతేంటి?

1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు ఇది. శాసనాలు దీన్ని ఘనగిరి అన్నాయి. కొండ మీద లక్ష్మీనరసింహస్వామి, కింద బాబయ్య దర్గా, ఊళ్లో జైనుల పార్శ్వనాథుడు. ఎవరి దేవుడు వాళ్లకున్నా దాహం మాత్రం అందరిదీ ఒకటే. కొండెక్కేవాడు కూలిన కోట గోడలు చూసుకుంటూ ఎక్కుతాడు. సీమ ఎండలో, బండల మీద ఎక్కుతాడు.

ఇదే పెనుకొండ పక్కన 2019లో కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఫ్యాక్టరీకి రోడ్డు, కరెంటు, గొల్లపల్లి జలాశయం నీళ్లు చకచకా సమకూరాయి. మాకు దాని మీద కోపం లేదు. మన పిల్లలకు పని రావాలి. మేం అడిగేది ఒక్కటే. కారు కోసం అంత వేగంగా కదిలిన ఫైలు, కాలి కోసం ఎందుకు కదలదు? కొండ మీద గుడి ఒక శాఖది, గోడ ఇంకో శాఖది, చెట్టు మరో శాఖది. ముగ్గురి మధ్య నడిచేవాడు ఎవరివాడూ కాడు.

మేం బంగారు గోపురాలు అడగడం లేదు. దారి పొడవునా తాగునీళ్లు, అక్కడక్కడా నీడ, కదిలిన మెట్లకు మరమ్మతు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, జాతర రోజుల్లో ఒక నర్సు, ఒక మందుల పెట్టె, చీకటి పడితే దీపం. ఎక్కే వేళలు, దిగే వేళలు రాసిన బోర్డు. ఇంతే. ఒక మంత్రి పర్యటనకు వేసే షామియానాల ఖర్చుతో మొదలుపెట్టగల పనులు.

విద్యార్థి మిత్రులారా, ఒక ఆదివారం పెనుకొండ కొండెక్కండి. నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి. నీళ్లు ఎన్నిచోట్ల, నీడ ఎన్నిచోట్ల, కాలు జారే మెట్లు ఎన్ని? లెక్క రాసుకుని దిగండి. ఆ లెక్కతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. కాలిదారికి ఏ ఏడు ఎంత ఖర్చుపెట్టారని అడగండి. 2005 నాటి చట్టం అది, 30 రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి. పది రూపాయల దరఖాస్తుకు ఉన్న బలం పది ధర్నాలకు ఉండకపోవచ్చు.

ఉద్యోగ మిత్రులారా, ఆ కాగితం రేపు మీ టేబుల్ మీదికే వస్తుంది. దాన్ని పక్కన పెట్టేముందు మీ అమ్మ కొండెక్కిన రోజు గుర్తు తెచ్చుకోండి. నోరెండి ఏ మెట్టు మీద కూర్చుందో గుర్తు తెచ్చుకోండి.

పాలకులకు మా మాట ఇదీ: రోడ్డెక్కి వచ్చేవాళ్ల లెక్క మీ దగ్గర ఉంది. మెట్లెక్కి వచ్చేవాళ్ల లెక్క మేం తెస్తాం. జవాబు సిద్ధం చేసుకోండి.