ఎనిమిది రేకుల పువ్వు

ఉత్తర ధ్రువానికి చేరువలోని స్వాల్‌బార్డ్ దీవులలోను, ఐస్‌లాండ్ కంకర నేలలలోను డ్రయాస్ ఆక్టోపెటల అనే చిరుమొక్క చాప పరచినట్లు నేలనంటి పాకుతుంది. గులాబీ కుటుంబానికి చెందినది. ఎత్తు జానెడైనా ఉండదు. ఏటేటా పాత మొదలి నుండే పూస్తుంది. దాని తెల్లని పువ్వుకు సాధారణంగా ఎనిమిది రేకులు. పువ్వు గిన్నెవలె తెరచుకొని, సూర్యుడు జరిగిన దిక్కుకే తానూ తిరుగుతూ వెచ్చదనాన్ని నడుమ పోగుచేస్తుంది. చలిలో ఎగిరే ఈగలు అక్కడ వాలి ఒడలు కాచుకొని, పుప్పొడిని మోసుకొనిపోతాయి. సుమారు 12,900 సంవత్సరాల క్రిందట మొదలైన ఒక శీతల యుగానికి శాస్త్రజ్ఞులు ఈ మొక్క పేరే పెట్టారు. ఆనాటి బురద పొరలలో దీని ఆకులు దొరికాయి మరి!

శీతల దేశాలలో దీనిని తోటలలో పెంచుతారు. అయితే అనేకులు ప్రేమతోనే దీనిని చంపుకొంటారు. సారవంతమైన మన్ను, విస్తారమైన ఎరువు, మాటిమాటికీ నీరు దీనికి గిట్టవు. మంచుకు చావని మొక్క, వేరువద్ద నిలిచిన నీటికి కుళ్లిపోతుంది. కంకర, ఇసుక, కొంత సున్నపురాయి కలిసిన నేల, నీడలేని చోటు చాలును. ఈకతోక గల విత్తనాలను తాజాగా ఉండగానే విత్తి, కుండీని చలికాలమంతా ఆరుబయటనే ఉంచవలెను. ఒకసారి నాటిన పిదప పెకలించి వేరొకచోట పెట్టరాదు. వేళ్లు కదిలితే తిరిగి కోలుకోవడం కష్టం.

విత్తనాలు తెప్పించి హైదరాబాదు మేడలపై నాటుదామని తలచే సోదరీమణులకు నా మాట ఒక్కటే: వద్దు. మన వేసవిని అది తాళలేదు.