గడప లోపలి లెక్క

మన దేశం ప్రపంచంలోకెల్లా సమానత్వం ఎక్కువగా ఉన్న నాలుగో దేశమట! 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వమే ఈ శుభవార్త చెప్పింది. దానికి ఆధారం ప్రపంచ బ్యాంకు ఇచ్చిన గిని సూచిక. అందరికీ సమానంగా ఉంటే ఆ సూచిక సున్నా, ఉన్నదంతా ఒక్కరి చేతిలోనే ఉంటే 100. 2022-23లో మనది 25.5 అని తేలింది. అమెరికాది 41.8 కాబట్టి మనం గర్వపడాలన్నమాట.

ఆర్థికవేత్తలు కొందరు వెంటనే అడ్డుపడ్డారు. ఆ 25.5 ఆదాయానికి సంబంధించింది కాదు, ఇంటి ఖర్చులకు సంబంధించింది. కోటీశ్వరుడైనా రోజుకి పదిసార్లు భోంచెయ్యలేడు. మిగిలినదంతా భూమిగా, బంగారంగా, షేర్లుగా పోగుపడుతుంది. ఖర్చుల సర్వేకి అది దొరకదు. ఆదాయాన్ని లెక్కగట్టిన ప్రపంచ అసమానతల డేటాబేస్ ప్రకారం 2023లో మన సూచిక 62. ప్రపంచ బ్యాంకు కూడా అదే పత్రంలో ఈ 62ని రాసింది, తన లెక్కలో అసమానత తక్కువగా కనబడి ఉండవచ్చని కూడా చెప్పింది. ప్రభుత్వం ఎత్తి చూపించింది మాత్రం మొదటి అంకెనే.

ఈ తగాదా అవసరమే. కానీ 25.5 అన్నా, 62 అన్నా, ఆ రెండు అంకెలూ మన ఇళ్ళ గడప దాటి లోపలికి రావు. నా గొడవంతా దాని గురించే.

తలసరి ఖర్చు ఎలా లెక్కిస్తారో చూడండి. ఇంటి మొత్తం ఖర్చుని ఇంట్లోని మనుషుల సంఖ్యతో భాగిస్తారు, అంతే. భార్యా భర్తా, అత్తగారూ, ఇద్దరు పిల్లలూ ఉన్న ఇంట్లో నెలకి 20,000 ఖర్చయితే తలా 4,000. ఆయన మోటారు సైకిలు పెట్రోలు, సాయంత్రం సీసా, కొడుకు కార్పొరేట్ కాలేజీ ఫీజు అన్నీ ఆ ఇరవై వేలలోనే ఉన్నాయి. కూతురు చదివేది సర్కారు బడిలో. అత్తగారి కళ్ళ ఆపరేషన్ వచ్చే ఏడాదికి వాయిదా. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలినది తినే ఆ ఇల్లాలి పేరున కూడా లెక్కలో 4,000 పడుతుంది. ఆ నాలుగు వేలు ఆమె కళ్ళజూసిందా అని ఎవరూ అడగరు. ఇది లెక్కల్లో చిన్న సర్దుబాటు కాదు. కుటుంబంలో అందరూ సమానమేనన్న పితృస్వామ్యపు పాత అబద్ధాన్ని భాగహారం గుర్తుగా మార్చి గణాంకాల్లో కూర్చోబెట్టడం.

అబద్ధమని ఎలా అంటున్నావు అంటారా? శరీరాలే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు పురుషులలో 25 శాతం మందికే. నెలసరి, కాన్పులు కూడా కారణమేనని డాక్టర్లు అంటారు. నిజమే. అలాంటప్పుడు బలమైన తిండి ఎవరి కంచంలో ముందు పడాలి? ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకి ఆఖరున పెట్టే ఇంటిని సమానంగా పంచుకునే ఇల్లు అని ఎలా రాసుకుంటారు?

అసమానత అనగానే మన కళ్ళకి కట్టేది అద్దాల మేడ, దాని పక్కన మురికివాడ. ఇంటికీ ఇంటికీ మధ్య తేడానే తేడాగా చూడటం మనకి అలవాటైంది. ఒకే కప్పు కింద ఉన్న తేడాకి మాత్రం సర్దుకుపోవడం అని పేరు పెట్టాం. “మా ఆయన నాకే లోటూ చెయ్యరు” అనే మాట మనం ఎన్నిసార్లు వినలేదు? లోటు చెయ్యకుండా చూసేవాడు ఒకడూ, అందుకు సంతోషించాల్సినది ఒకతీ ఉన్నచోట సమానత్వం ఎక్కడ? జీతం తెచ్చే స్త్రీలకైనా ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉందన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఇక పని సంగతి. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు దానికి రోజూ 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. ఆ 289 నిమిషాలకి ఆదాయం సున్నా. ఇల్లు దాటి వచ్చినా ఇదే తంతు. దేశంలో పనిచేసే స్త్రీల శాతం పెరిగిందని చంకలు గుద్దుకుంటున్నారు కదా, 2023-24 కార్మిక సర్వేలో పనిచేస్తున్నట్టు నమోదైన స్త్రీలలో 36.7 శాతం మంది సొంత పొలంలోనో, సొంత కొట్లోనో కూలి లేకుండా పనిచేసేవాళ్ళే. పనివాళ్ళ జాబితాలో పేరుంటుంది, చేతిలో పైసా ఉండదు.

“అమ్మ ప్రేమకి కూడా వెల కడతారా?” అని నొచ్చుకునేవాళ్ళు ఉంటారు. వెల ఎప్పుడో కట్టారు, కాకపోతే ఆమె చచ్చిపోయాక! ప్రమాదంలో పోయిన గృహిణి సేవలకి నెలకి 3,000 రూపాయలని 2001లో సుప్రీంకోర్టు ఒక కేసులో లెక్కగట్టింది. గృహిణులని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి ఉత్పాదక పని చెయ్యనివాళ్ళ జాబితాలో చేర్చిన 2001 జనాభా లెక్కలను 2010లో అదే కోర్టు తప్పుపట్టింది. గృహిణికి ఊహాత్మక ఆదాయం లెక్కించి తీరాలని 2021లో మళ్ళీ చెప్పింది. బతికున్నప్పుడు సున్నా, లారీ కింద పడితే ఆదాయం!

ఈ సున్నా ఒక ఇంట్లోనే ఉండిపోదు, బజారుకి కూడా వస్తుంది. ఇల్లాలు ఊరికే చేసే పని కాబట్టే అదే పని చెయ్యడానికి వచ్చిన మరో స్త్రీకి ఇచ్చే డబ్బు ఆ సున్నాకి దగ్గర్లోనే ఉంటుంది. ఆమె చాలాసార్లు దళిత స్త్రీయో, వలస వచ్చిన స్త్రీయో అవుతుంది. ప్రభుత్వం కూడా ఇదే చేస్తుంది. పిల్లల్ని సాకే అంగన్‌వాడీ కార్యకర్తలకి ఇచ్చేది జీతం కాదట, గౌరవ వేతనమట. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు సమ్మెకి దిగి 42 రోజులు నిలబడితే, వాళ్ళది అత్యవసర సేవ అంటూ ఎస్మా ప్రయోగించారు. సమ్మె చేస్తే అత్యవసరం, జీతం అడిగితే సేవ!

దేశంలో తొలిసారిగా కుటుంబ ఆదాయ సర్వే 2026లో చేపడతామని కేంద్రం 2025లో ప్రకటించింది. ఆ పేరులోనే ఉంది చిక్కు. ఇంటి పెద్దని పిలిచి ఇంటి ఆదాయం ఎంతో రాసుకుని, దాన్ని తలలతో భాగిస్తే మళ్ళీ మొదటికే వస్తాం. ఇంట్లో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగాలి. నీ సంపాదన ఎంత? అది ఎవరి చేతిలో ఉంటుంది? ఎవరినీ అడగకుండా నువ్వు ఎంత ఖర్చు పెట్టగలవు? భూమి ఎవరి పేర ఉంది? కష్టమైన పనే, అసాధ్యం మాత్రం కాదు. మనుషుల రోజుని నిమిషాల లెక్కన నమోదు చేసిన ప్రభుత్వానికి ఈ నాలుగు ప్రశ్నలు బరువు కావు.

అర్థశాస్త్రం బోధించే, పరిశోధన చేయించే స్త్రీలు మనలో ఎంతోమంది ఉన్నారు. తలసరి అనే మాట పాఠంలో వచ్చిన ప్రతిసారీ “ఎవరి తల?” అని తరగతిలో అడగండి. పరిశోధక విద్యార్థి ప్రశ్నావళిలో ‘ఇంటి పెద్ద’ అన్న గడి కనిపిస్తే కొట్టేయించండి. గడప లోపలి లెక్క తేలేదాకా మన దేశం సమానత్వంలో నాలుగోది అని ఎవరూ చెప్పడానికి వీల్లేదు.