రోజుకో టీ ఖర్చు, చెప్పని లెక్క

మెట్రో మెట్ల దగ్గర, మాల్ గుమ్మంలో, మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబుతో "సార్, ఒక్క నిమిషం సార్" అంటూ ఎదురొచ్చే కుర్రవాళ్ళ గురించి రాయమని మన సంఘం మిత్రులు ఇద్దరు ముగ్గురు అడిగారు. హుండీల మీద, బాబాల మీద రాసినంత ధాటిగా వీళ్ళ మీద రాయగలరా అని ఒకాయన సవాలు కూడా విసిరారు. రాయగలను. కాకపోతే నా కోపం కుర్రవాళ్ళ మీద లేదు, వాళ్ళని అక్కడ నిలబెట్టినవాళ్ళ మీద ఉంది.

ముందే ఒక విషయం తేల్చుకుందాం. విరాళం అడిగే మనిషికి జీతం ఉండటం తప్పని నేననను. ఎండలో ఎనిమిది గంటలు నిలబడి వందమంది చేత "వద్దు" అనిపించుకునే పనిని ఊరికే చెయ్యమనడం అన్యాయం. ఆస్పత్రి నడిపే సంస్థ నర్సుకి జీతమిస్తే "అదిగో ఓవర్‌హెడ్" అని గోల చేసే రకాన్ని కూడా కాను. డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్పై ఏళ్ళ పైన బిల్లులు చూసినవాణ్ణి, ఖర్చు లేకుండా ఏ పనీ జరగదని నాకు తెలుసు. నా పేచీ ఒక్కటే. మన చేత సంతకం పెట్టించుకునేటప్పుడు, అందులో వసూలు ఖర్చుకే ఎంత పోతుందో చెప్పరు. అడిగినా చెప్పరు.

ఆ మధ్య అమీర్‌పేటలో ఒక కుర్రాడితో జరిగిన సంభాషణ ఇది.

"పిల్లలంటే మీకిష్టమేనా సార్?"

(ఈ ప్రశ్నకి "ఇష్టం లేదు" అని చెప్పే మనిషి ఉంటాడా? సగం పని అక్కడే అయిపోతుంది.)

ఇష్టమేనన్నాను. ట్యాబులో ఎముకలు తేలిన ఒక పసిపాప ఫొటో చూపించాడు. జేబులోంచి వంద నోటు తీశాను. "క్యాష్ తీసుకోం సార్. నెలకి 800, ఆటో డెబిట్. రోజుకి ఒక టీ ఖర్చు సార్, అంతే!"

"నీకు జీతం ఎవరిస్తారు బాబూ, ఈ సంస్థేనా?"

"మేం సంస్థ తరఫునే సార్."

"తరఫున సరే, జీతం?"

కాస్త తటపటాయించి, ఏజెన్సీ ఇస్తుందన్నాడు. నన్ను చేర్పిస్తే ఆ ఏజెన్సీకి ఎంత ముడుతుందని అడిగాను. "అవన్నీ మాకు చెప్పరు సార్" అన్నాడు. అబద్ధమనిపించలేదు. నెలకి ఎంతమందిని చేర్పించాలో మాత్రం అతనికి బాగా తెలుసు. టార్గెట్ పూర్తి కాకపోతే ఏమవుతుందంటే నవ్వి ఊరుకున్నాడు.

నా వంద రూపాయలు ఎందుకు పనికిరాలేదు? పాపకి ఆకలైతే వంద కూడా అన్నమే కదా! ఇక్కడే వ్యాపారం కిటుకు ఉంది. రోడ్డు మీద దాతని పట్టుకోవడానికి అయ్యే ఖర్చు, వాడిచ్చే మొదటి వాయిదా కంటే చాలా ఎక్కువ. నెలనెలా, ఏళ్ళ తరబడి డబ్బు వస్తేనే గిట్టుబాటు. అందుకే నోటు వద్దు, బ్యాంకు మాండేటు కావాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను ఊహకి వేసుకున్నవి, ఏ సంస్థవీ కావు. మీకు వేరే అంకెలు సబబనిపిస్తే వాటితోనే చేసి చూడండి, పద్ధతి అదే. కుర్రాడి జీతం, అతని మీద టీం లీడరు వాటా, మాల్‌వాడికి కట్టే స్థలం అద్దె, ట్యాబు, ఏజెన్సీ లాభం అన్నీ కలిపి నెలకి 35,000 అనుకోండి. ఆ నెలలో అతను పదిమందిని చేర్పించాడు, మనిషికి 800. అంటే నెలకి 8,000 రాబడి. మొహమాటానికి సంతకం పెట్టినవాళ్ళు ఎక్కువ కాలం నిలవరు కాబట్టి, మూడు నెలల తర్వాత అయిదుగురు ఆపేశారనుకుందాం. మూడు నెలలకి వచ్చింది 24,000. నాలుగో నెల నుంచి 4,000 చొప్పున. పెట్టిన 35,000 తిరిగి రావడానికి ఆరో నెల రావాలి. అప్పటిదాకా పదిమందీ ఇచ్చిన ప్రతి రూపాయీ వాళ్ళని పట్టుకోవడానికైన ఖర్చుకే సరిపోయింది. మూడు నెలలు కట్టి ఆపేసిన మనిషి 2,400 ఇచ్చాడు, పుణ్యమో తృప్తో ఏదో మూటగట్టుకున్నాననుకున్నాడు. నిజానికి అతని డబ్బు వసూలు ఖర్చులోనే ఇంకిపోయింది. ఏడాది మొత్తానికి చూస్తే వచ్చింది 60,000, ఖర్చు పోను మిగిలింది 25,000. అంటే నూటికి 42 కూడా పూర్తిగా లేదు.

రెండో ఏడాది, మూడో ఏడాది నిలిచిన అయిదుగురి డబ్బు దాదాపుగా సేవకే వెళ్తుంది. ఏడాదికి 48,000. కాబట్టి ఈ పద్ధతి మొత్తంగా మోసమని నేననడం లేదు. సంస్థ వైపు నుంచి చూస్తే ఇది పెట్టుబడి. కానీ ఆ పెట్టుబడి నా డబ్బుతో పెడుతున్నావు కదా నాయనా, ఆ మాట నాకు చెప్పవేం? "సార్, మీ మొదటి అయిదారు నెలల డబ్బు మా వసూలు ఖర్చుకే పోతుంది, మూడేళ్ళు నిలబడితేనే పిల్లలకి ఉపయోగం" అని ఫారం మీద ఒక్క వాక్యం అచ్చు వేయించండి. నిజంగా మూడేళ్ళు ఇవ్వగలిగినవాడే సంతకం పెడతాడు. వెయ్యరు, ఎందుకంటే అది చదివాక ఎంతమంది పెడతారో వాళ్ళకి తెలుసు.

సంస్థ జమాఖర్చుల్లో ఈ లెక్క దొరుకుతుందిగా అంటారేమో. అన్నిచోట్లా దొరకదు. మా శాఖలో "మిస్‌క్లాసిఫికేషన్" అనే మాటకి చాలా విలువ ఉండేది. ఒక పద్దు కింద పడాల్సిన ఖర్చు ఇంకో పద్దు కింద పడితే, పైసా తేడా రాకపోయినా, అబ్జెక్షన్ రాసేవాళ్ళం. రోడ్డు మీద కుర్రాడు మనతో పోషకాహారం గురించి అయిదు నిమిషాలు మాట్లాడాడు కదా, దాన్ని "ప్రజల్లో అవగాహన" అనొచ్చు. అనగానే అతని జీతంలో కొంత భాగం వసూలు ఖర్చులోంచి లేచి సేవా కార్యక్రమాల పద్దులో కూర్చుంటుంది. కూడిక తప్పదు, ఆడిటరు సంతకం ఉంటుంది, చూసేవాడికి మాత్రం వసూలు ఖర్చు చాలా తక్కువగా కనిపిస్తుంది.

చట్టం ఏం చేస్తోందంటే, చిత్రం చూడండి. విదేశాల నుంచి వచ్చే విరాళంలో పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదని 2020లో ఎఫ్‌సీఆర్ఏ చట్టాన్ని సవరించారు. అంతకు ముందు 50 శాతం ఉండేది. ఆ సవరణ మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కానీ అమీర్‌పేటలో పెన్షనరు ఇచ్చిన 800కి మాత్రం ఆ హద్దు వర్తించదు. డాలరుకున్న కాపలా రూపాయికి లేదన్నమాట! ప్రభుత్వ ధనం గణనీయంగా తీసుకునే స్వచ్ఛంద సంస్థలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రజల జేబుల్లోంచి నేరుగా తీసుకున్నంత మాత్రాన ఆ బాధ్యత రాదు.

ఇంగ్లండులో ఈ రకం వసూళ్ళు ముదిరి, ఆ కుర్రవాళ్ళకి "చగ్గర్లు" అని పేరు పెట్టే దాకా వెళ్ళింది (చారిటీకి, దారికాచి దోచే మగ్గర్‌కి పెళ్ళి చేసిన మాట). అక్కడ 1992 నాటి చట్టం ప్రకారం, డబ్బు తీసుకుని విరాళాలు అడిగే మనిషి ఆ సంగతి, తన పక్షానికి ప్రతిఫలం ఏ లెక్కన ముడుతుందో ఆ సంగతి దాతకి చెప్పాలి. దాంతో అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. 2015లో పెద్ద గొడవే అయి, ఆ మరుసటి ఏడాది కొత్త నియంత్రణ సంస్థ పెట్టాల్సి వచ్చింది. కనీసం చెప్పాలన్న సూత్రమైనా ఉంది. మనకి అదీ లేదు.

ఇక పన్ను మాట. "80జి వస్తుంది సార్, యాభై శాతం ట్యాక్స్ ఫ్రీ" అంటారు. (2025లో చేసిన కొత్త చట్టంలో సెక్షన్ అంకె మారింది గానీ, జనం నోట్లో ఇంకా 80జినే.) కొత్త పన్ను విధానంలో ఉన్నవాడికి ఈ మినహాయింపు అసలు లేదు. 2023-24 నుంచి మనం ప్రత్యేకంగా వద్దంటే తప్ప అందరం కొత్త విధానంలోనే ఉంటాం. పాత విధానంలో ఉన్నా, యాభై శాతం అంటే సగం డబ్బు తిరిగొస్తుందని కాదు. 10,000 ఇస్తే 5,000 మీ ఆదాయంలోంచి తగ్గిస్తారు. మీరు 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి మిగిలేది 1,040 రూపాయలు. ఈ తేడా కుర్రాడికి తెలియకపోవచ్చు, అతనికి ఆ డైలాగు నేర్పినవాడికి తెలియదా?

మా కాలనీలో ఒక రిటైర్డ్ టీచరమ్మగారున్నారు. కూరగాయలకి వెళ్ళి, ఎవరో అమ్మాయి "అమ్మమ్మా" అని పిలిచిందని కరిగిపోయి ఓటీపీ చెప్పేశారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒక్క ఫోనుతో ఆపేయొచ్చన్నారట. ఆరు నెలల తర్వాత ఆవిడ ఆ ఒక్క ఫోనూ చేస్తే, "మీరు ఆపేస్తే ఆ పాప చదువు ఆగిపోతుంది మేడమ్" అని అవతల్నుంచి జవాబు. ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు. ఒక పాప చదువు ఈవిడ 800 మీదే వేళ్ళాడుతుంటే, ఆ సంస్థ నడిచే తీరులోనే ఏదో పెద్ద లోపం ఉన్నట్టు. లోపం లేకపోతే ఆ మాట అబద్ధం. రెండింట్లో ఏదో ఒకటి నిజం కావాలి. ఆవిణ్ణి వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్ళి మాండేటు రద్దు చేయించాం. ఇది అందరికీ పనికొచ్చే మాట: ఆపాలనుకుంటే సంస్థ కాల్ సెంటర్‌ని బతిమాలక్కర్లేదు, బ్యాంకుకి చెబితే చాలు. ఖాతా మీది.

ఇందులో పనిచేసేది మన మొహమాటం. మొహమాటానికి పోతే కడుపైందన్న మోటు సామెత ఊరికే పుట్టలేదు. ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ, పసిపాప ఫొటో చూస్తూ "ఇవ్వను" అనడం మనకి చేతకాదు. అది కనిపెట్టే అక్కడ నిలబెడతారు. హుండీలో వేసే కంటే ఇది నయం కదా అని సవాలు విసిరిన మిత్రుడే అన్నారు. కావచ్చు. కానీ లెక్క అడగడం పాపమనే భావన రెండుచోట్లా ఒక్కటే. పూజారిని అడిగితే భక్తి లేదంటారు, ఇక్కడ అడిగితే మనసు లేదంటారు.

డబ్బు అడగడానికి వేరే మార్గాలు లేవా? సాయుధ దళాల పతాక దినం 1949 నుంచి ఏటా డిసెంబరు 7న జరుగుతోంది. బుల్లి కాగితం జెండా గుండు సూదితో చొక్కాకి గుచ్చేవాళ్ళు, డబ్బాలో పది వేసినా రూపాయి వేసినా దండం పెట్టేవాళ్ళు. ఆ డబ్బా పట్టుకున్న స్కూలు పిల్లలు నా అకౌంటు నంబరు అడగలేదు, వచ్చే నెల ఫోన్ చెయ్యలేదు.

మరి ఎదురైనప్పుడు ఏం చెయ్యాలి? కుర్రాణ్ణి కసురుకోకండి. అతను టార్గెట్ కింద నలుగుతున్న ఉద్యోగి. "వద్దు బాబూ" అని ఒక్కసారి మర్యాదగా చెప్పి నడక సాగించండి. కారణం చెప్పకండి, చెబితే దానికో జవాబు అతనికి నేర్పే ఉంటారు. ఫోన్ నంబరు ఇవ్వకండి. సంస్థ మంచిదనిపిస్తే పేరు గుర్తు పెట్టుకుని ఇంటికెళ్ళి వాళ్ళ వార్షిక నివేదిక, ఆదాయవ్యయాల పట్టిక చూడండి. వసూలు ఖర్చు విడిగా చూపించారా లేదా అన్నది మొదట వెతకండి. తర్వాత వాళ్ళ సైటులోంచి మీరే నేరుగా, ఏడాదికి ఒక్కసారి పంపండి. మధ్యవర్తి వాటా అక్కడికి తగ్గుతుంది. 2021-22 నుంచి సంస్థలు దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకి పంపి, మనకి సర్టిఫికెట్ ఇవ్వాలి. అది రాకపోతే గట్టిగా అడగండి.

కిందటి నెలలో నేను ఇలా వీధి వసూళ్ళు చేయించే మూడు సంస్థలకి ఉత్తరం రాశాను. ప్రశ్న ఒక్కటే: వీధిలో చేరిన దాత మొదటి ఏడాది ఇచ్చే ప్రతి వంద రూపాయల్లో వసూలుకి ఎంత పోతోంది? ఒక సంస్థ రంగుల పుస్తకం పంపింది, నిండా ఫొటోలే, నేనడిగిన అంకె లేదు. మళ్ళీ రాశాను. మిగతా రెండు సంస్థల నుంచి ఇంకా జవాబు లేదు. వస్తే, ఎవరేం చెప్పారో అంకెలతో సహా ఇక్కడే రాస్తాను.