చిప్‌లో బగ్ పడితే అప్‌డేట్ రాదు బాస్!

ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉంటే ఏం చేస్తాం? అప్‌డేట్ కోసం ఎదురుచూస్తాం. అదే బగ్ చిప్ డిజైన్‌లో ఉంటే? సిలికాన్ మీదకి ఎక్కాక చెరిపి రాయలేం. అందుకే సూటిగా చెప్తున్నా: చిప్‌లో ఒక బ్లాక్‌ని ఇంకో బ్లాక్‌తో కలిపే ఇంటర్‌ఫేస్‌లను చెక్ చేసే పని టైప్ సిస్టమ్‌కి అప్పగించాలి.

ఈ సంగతి నాకు ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో తెలిసొచ్చింది. ఎఫ్‌పీజీఏ బోర్డు మీద టెంపరేచర్ మీటర్ చేస్తున్నాం. సెన్సర్ వైపు నుంచి వచ్చేది 12 బిట్ల విలువ. నేను రాసిన డిస్‌ప్లే మాడ్యూల్ తీసుకునేది 8 బిట్లే. వెరిలాగ్ ఆపలేదు; పై 4 బిట్లు వదిలేసి కలిపేసింది. రీడింగ్ 255 దాకా బాగానే వెళ్లి, ఠక్కున సున్నాకి పడిపోయేది. సెన్సర్ పోయిందనుకుని కొత్తది కూడా కొన్నాం. రెండు రాత్రులు తల బద్దలు కొట్టుకున్నాక చూస్తే, వార్నింగ్‌ల గుట్టలో ఆ ఒక్క లైను ముందునుంచీ ఉంది!

"లింట్ టూల్స్ ఉన్నాయి కదా" అనొచ్చు. ఉన్నాయి. కానీ వార్నింగ్‌ని చూడనట్టు వదిలేయొచ్చు, టైప్ ఎర్రర్‌ని వదిలేస్తే కంపైలే అవ్వదు. ఐఐటీ మద్రాస్ వాళ్లు శక్తి ప్రాసెసర్లను రాసిన బ్లూస్పెక్ భాషనే చూడండి. అందులో 12 బిట్లని 8 బిట్ల చోట పెట్టాలంటే "కత్తిరించు" అని మనమే రాయాలి. అంటే తప్పు చేసినా తెలిసే చేయాలి.

కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకుల ఫిలమెంట్ భాష ఇంకో అడుగు ముందుకేసింది. మల్టిప్లయర్ జవాబు రెండు క్లాక్ సైకిల్స్ తర్వాత వస్తుందనుకుందాం. ఆ టైమింగ్ కూడా టైప్‌లోనే ఉంటుంది. ఒక సైకిల్ ముందే ఆ విలువని వాడబోతే అక్కడే ఎర్రర్.

అలాగని టైప్స్ అన్నిటికీ మందు కాదు. 1994లో బయటపడ్డ పెంటియమ్ భాగహారం బగ్‌కి కారణం టేబుల్‌లో కొన్ని విలువలు లేకపోవడం. అలాంటివాటిని మామూలు టైప్స్ పట్టలేవు, టెస్టింగ్ ఉండాల్సిందే. ఆ బగ్ ఇంటెల్‌కి 47.5 కోట్ల డాలర్ల బిల్లు వేసింది. కానీ టెస్టింగ్‌కి ఉన్న టైమ్ అలాంటి కష్టమైన బగ్‌ల మీద పెట్టాలి కానీ, వైరు వెడల్పులు లెక్కపెట్టడానికి కాదు కదా!

వీఎల్‌ఎస్‌ఐ వైపు వెళ్లాలనుకునేవాళ్లు వెరిలాగ్ నేర్చుకోండి, ఉద్యోగాలకి అది కావాలి. పక్కనే బ్లూస్పెక్ కూడా ఒక వీకెండ్ ట్రై చేయండి. కంపైలర్ 2020 నుంచి ఓపెన్ సోర్సే. అది మొదట్లో విసిగిస్తుంది. నాకైతే ఆ విసుగు రెండు రాత్రుల నిద్ర, ఒక సెన్సర్ డబ్బులు మిగిల్చేది.